క్వారీమెన్

క్వారీమెన్ ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో 1956లో జాన్ లెన్నన్ తన పాఠశాల మిత్రులతో కలిసి ప్రారంభించిన స్కిఫుల్ సంగీత బృందం. 1960లో బీటిల్స్ అనే పేరు పొందిన ప్రపంచ ప్రఖ్యాత బృందానికి ఇదే మూలం.

నేపథ్యం

1956లో లోనీ డొనెగన్ పాడిన "రాక్ ఐలాండ్ లైన్" అనే పాట బ్రిటన్‌లో విశేష ఆదరణ పొందింది. అమెరికా జానపద, బ్లూస్ గీతాలను సులభమైన వాద్యాలతో వేగంగా పాడే ఈ పద్ధతిని స్కిఫుల్ అంటారు. ఒక చవక గిటారు, బట్టలు ఉతకడానికి వాడే గరుకు రేకు పలక, తేయాకు రవాణా చేసే చెక్కపెట్టెకు కర్రను, తాడును అమర్చి చేసిన మంద్రవాద్యం ఉంటే చాలు. సంగీత శిక్షణ లేని పిల్లలకు కూడా ఇది అందుబాటులో ఉండటంతో దేశమంతటా ఇటువంటి బృందాలు వెలిశాయి.

ఏర్పాటు

లెన్నన్ చదివిన క్వారీ బ్యాంక్ హైస్కూలు పేరు మీదుగా బృందానికి ఈ పేరు వచ్చింది. ఎరిక్ గ్రిఫిత్స్ గిటారు, పీట్ షాటన్ రేకు పలక, రాడ్ డేవిస్ బాంజో, కోలిన్ హాంటన్ డ్రమ్ములు వాయించేవారు. పెట్టె వాద్యాన్ని పలువురు వాయించగా, చివరకు అది లెన్ గ్యారీకి దక్కింది. లెన్నన్‌కు తల్లి జూలియా బాంజో పద్ధతి నేర్పినందున అతడు మొదట్లో గిటారును కూడా అలాగే శ్రుతి చేసేవాడు.

మెకార్ట్‌నీ, హారిసన్‌ల చేరిక

1957 జూలై 6న వూల్టన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవంలో బృందం ప్రదర్శన ఇచ్చింది. ఆ రోజు ఇవాన్ వాన్ అనే మిత్రుడు 15 ఏళ్ళ పాల్ మెకార్ట్‌నీని లెన్నన్‌కు పరిచయం చేశాడు. మెకార్ట్‌నీ గిటారు శ్రుతి చేయడంలోనూ వాయించడంలోనూ తనకంటే మెరుగని లెన్నన్ గ్రహించాడు. అతనిని చేర్చుకుంటే బృందం బలపడుతుంది, కాని తన ఆధిక్యం తగ్గుతుంది. లెన్నన్ బృందం బలపడటాన్నే ఎంచుకున్నాడు. 1958లో మెకార్ట్‌నీ మిత్రుడు జార్జ్ హారిసన్ కూడా చేరాడు.

ఈ నిర్ణయంతో స్నేహితుల బృందం క్రమంగా వాద్యకారుల బృందంగా మారింది. స్కిఫుల్ స్థానంలో రాక్ అండ్ రోల్ వచ్చింది. రేకు పలకకు, బాంజోకు అవసరం లేకపోయింది. షాటన్, డేవిస్, గ్రిఫిత్స్ ఒకరి తరువాత ఒకరు తప్పుకున్నారు. గ్యారీ అనారోగ్యం వలన దూరమయ్యాడు.

తొలి రికార్డు, తరువాతి కాలం

1958లో లివర్‌పూల్‌లోని పెర్సీ ఫిలిప్స్ స్టూడియోలో బృందం రెండు పాటలు రికార్డు చేసింది. వీటిలో "ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్" మెకార్ట్‌నీ, హారిసన్‌ల రచన. ఈ రెండు పాటలు 1995లో బీటిల్స్ "ఆంథాలజీ 1" ఆల్బమ్‌లో విడుదలయ్యాయి. 1958 జూలై 15న లెన్నన్ తల్లి జూలియా కారు ప్రమాదంలో మరణించింది. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న మెకార్ట్‌నీకి, లెన్నన్‌కు మధ్య ఈ దుఃఖం స్నేహాన్ని మరింత దృఢపరచింది.

వూల్టన్ ఉత్సవానికి 40 ఏళ్ళు నిండిన 1997లో తొలినాటి సభ్యులు తిరిగి కలిసి, అదే పేరుతో మరల ప్రదర్శనలు ప్రారంభించారు.