బాసెల్: నలుపు తెలుపుల బడి

గ్రాఫిక్ డిజైన్, అంటే అక్షరాన్నీ బొమ్మనూ కలిపి చూపరికి విషయాన్ని అందించే కళ, నేర్వగోరిన విదేశీ విద్యార్థులను గత శతాబ్ది ఉత్తరార్ధంలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి రప్పించినది ఎమిల్ రూడర్, ఆర్మిన్ హోఫ్‌మాన్ అనే ఇద్దరు గురువుల బోధన. రూడర్ 1942 నుంచి టైపోగ్రఫీని, అనగా అచ్చక్షరాల అమరికను బోధిస్తూ, అక్షరాల నడుమ మిగిలే తెల్లని ఖాళీకీ అక్షరమంత విలువ ఉందని నేర్పగా, హోఫ్‌మాన్ చుక్క, గీత మొదలైన మూలరూపాలతోనే సాధన చేయించాడు. ‘జిసెల్’ బ్యాలే కోసం ఆయన 1959లో రూపొందించిన పోస్టరులో నర్తకి రూపం గిరగిర తిరుగుతూ మసకబారగా, ఆ పక్కనే నిలువుగా పేర్చిన తెల్లని అక్షరాలు స్తంభంలా కదలక నిలిచి ఉంటాయి. ఆ బడి చదువు సారమంతా ఆ ఒక్క కాగితంలో ఉందనడం అతిశయోక్తి కాదు. వీరిద్దరూ 1968లో నెలకొల్పిన ఉన్నత తరగతికి అమెరికా మొదలుకొని అనేక దేశాల నుంచి విద్యార్థులు వచ్చారు. అంతకు మూడేళ్ల ముందే, 1965లో, హోఫ్‌మాన్ అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో పాఠాలు చెప్పాడు.