శొంఠి కాఫీ

శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి వేసి తాటిబెల్లంతో కాచే వానాకాలపు పానీయం. తమిళనాట దీన్నే సుక్కు కాపీ అంటారు. సరిహద్దుకు ఈవల నెల్లూరు తీరానికి ముసురు పట్టేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జలుబుల కాలమూ, దీని కాలమూ అదే.

రెండు గ్లాసుల నీళ్లకు బొటనవేలి కణుపంత శొంఠి కొమ్ము, అరచెంచా మిరియాలు, చెంచా ధనియాలు సరిపోతాయి. మిరియాలు, ధనియాలు దోరగా వేయించాలి. శొంఠిని ముందు రోట్లో చితక్కొట్టి, తర్వాత మూడూ కలిపి మిక్సీలో పొడి చేయాలి. కొమ్ము నేరుగా వేస్తే మిక్సీ బ్లేడుకే చేటు. తాటిబెల్లం కరిగించి వడగట్టాలి, అడుగున ఇసుక, నలకలు మిగులుతాయి. పొడి వేసి సన్నసెగ మీద నీళ్లు మూడో వంతు ఇంకేదాకా మరగనిచ్చి, దించేముందు నాలుగు తులసాకులు, చెంచా కాఫీపొడి వేస్తారు. కాఫీపొడి ఎక్కువసేపు మరిగితే చేదు. అసలు కాఫీపొడే వేయని ఇళ్లూ ఉన్నాయి, పేరు మాత్రం మారదు! బెల్లంతో పాలు మరిగిస్తే విరుగుతాయి; కావాలంటే దించాక కలుపుకోవచ్చు, కానీ ఘాటు చస్తుంది.

అల్లం ఎండేటప్పుడు అందులోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది. దాని కారం ఎక్కువ. పచ్చి అల్లంతో ఈ మంట రాదు.