కణితి తవ్వుకునే కాలువలు

నిజ్వా వెళ్ళిన మన కుటుంబాలలో ఫలజ్ దారిస్ నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చోనివారు అరుదు. మోటారు లేదు, పంపు లేదు. భూమిలోని ఊటను, వాలు చూసి తవ్విన కాలువ ఖర్జూరపు తోటల దాకా తీసుకువస్తుంది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన అయిదు ఫలజ్‌లలో ఇదొకటి. కాలువ ఆగితే తోట ఎండుతుందని గోదావరి, కృష్ణా డెల్టాల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. క్యాన్సర్ కణితి గురించి ఇదే మాట చెప్పి ఏళ్ళ తరబడి నవ్వులపాలైన వైద్యుడు ఒకాయన ఉన్నారు. ఆయన పేరు జూడా ఫోక్‌మన్.

1960ల మొదట్లో ఆయన అమెరికా నౌకాదళంలో యువ డాక్టరు. నెలల తరబడి సముద్రంపై ఉండే ఓడల కోసం, నిలవ ఉండే రక్తంలాంటి ద్రవం తయారుచేసే పని అప్పగించారు. ఫ్రెడరిక్ బెకర్‌తో కలిసి, శరీరం నుంచి తీసిన కుందేలు థైరాయిడ్ గ్రంథికి హిమోగ్లోబిన్ ద్రావణం ఎక్కించి బ్రతికించారు. అందులో క్యాన్సర్ కణాలు వేస్తే కణితులు లేచాయి గానీ, గుండుసూది తలంత అయ్యాక ఆగిపోయాయి. చచ్చాయా అంటే లేదు. తీసి ఎలుకలో పెడితే విజృంభించాయి. ఎలుకలో వాటిలోకి కొత్త రక్తనాళాలు పాకాయి, గాజుపాత్రలో పాకలేదు. తేడా అదే.

తర్వాత ఆయన బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ప్రధాన శస్త్రవైద్యుడయ్యారు. ఆ ఆసుపత్రితో మనకూ ఒక బంధం ఉంది. 1947 చివరలో సిడ్నీ ఫార్బర్ అక్కడే రక్తక్యాన్సర్ పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చారు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లీ సంస్థలో తయారుచేసిన మందు అది. పదహారు మందిలో పదిమందికి, కొద్దికాలమే అయినా, గుణం కనిపించింది. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందు కణాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. ఫోక్‌మన్ గురి కణం మీద కాదు, దాన్ని పోషించే కాలువ మీద.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటాలంటే రక్తనాళాలను తానే రప్పించుకుంటుందని, ఆ పిలుపును ఆపితే అది పెరగలేదని 1971లో ఆయన ప్రకటించారు. ఆ నాళాలు వట్టి వాపు లక్షణమని పెద్దలు కొట్టిపారేశారు. ఆయన మాట్లాడటానికి లేస్తే సభలో చాలామంది బయటకు నడిచేవారట! ఆయన వాదించి ఊరుకోలేదు. రక్తనాళాలే లేని కంటి కార్నియాలో, కుందేలుకు చిన్న కణితి ముక్క అమర్చి చూపారు. నాళాలు దానివైపు పాకుతూ వచ్చాయి. 1984లో అలా పిలిచే ప్రోటీన్ ఒకటి ఆయన ప్రయోగశాలలోనే శుద్ధి అయింది. వీటన్నిటిలో ముఖ్యమైన వి.ఇ.జి.ఎఫ్.ను 1989లో జెనెన్‌టెక్ సంస్థలో నెపోలియన్ ఫెరారా వేరుచేశారు.

1998 మే నెలలో ఒక పెద్ద అమెరికా పత్రిక ఈ పరిశోధనను మొదటి పేజీకెక్కించడంతో రోగుల కుటుంబాలు ఆసుపత్రులకు ఫోన్ల మీద ఫోన్లు చేశాయి. నిజానికి అప్పటికి నయమైనవి ఎలుకలే. 2004లో అనుమతి పొందిన బెవాసిజుమాబ్, పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవారి మధ్యస్థ ఆయుష్షును 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెంచింది. అయిదు నెలలంటే ఇంట్లో రోగి ఉన్నవారికి చిన్న సంగతి కాదు. అయినా జనం ఆశించింది అది కాదు. ఎక్కువ మేలు కంటికే జరిగిందేమో అనిపిస్తుంది. మధుమేహం వల్లనో వయసు వల్లనో చూపు మందగించి కంట్లో ఇంజెక్షన్ వేయించుకున్న మన అమ్మానాన్నలకు, అత్తమామలకు అందింది ఈ జాతి మందే.

ఫోక్‌మన్ 2008 జనవరిలో మరణించారు. ఆ తర్వాతి ఘట్టం హైదరాబాదుది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ కూడా ఈ నాళాల పిలుపును అడ్డుకునే మందే. 2012లో దాని నెల ఖరీదు సుమారు రూ. 2,80,000 ఉండేది. ఏ మధ్యతరగతి కుటుంబం భరించగలిగేది? హైదరాబాదులోని నాట్కో సంస్థ దరఖాస్తుపై 2012 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది, నెలకు రూ. 8,880 మించరాదన్నది షరతు. బేయర్ సంస్థ కోర్టుకెక్కింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు దాని పిటిషన్‌ను తోసిపుచ్చింది.