డెస్క్‌టాప్ జీఐఎస్ సాఫ్ట్‌వేర్: ఎంపిక, లైసెన్సుల చరిత్ర

భౌగోళిక సమాచార వ్యవస్థను మామూలు కంప్యూటర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్‌ను డెస్క్‌టాప్ జీఐఎస్ అంటారు. పొలం హద్దు, రోడ్డు, నీటి పైపు, ఎన్నికల వార్డు వంటివాటి ఆకారాన్నీ, వాటి వివరాల పట్టికనూ ఇది జోడించి ఉంచుతుంది. వాటిని పొరలుగా పేర్చి, లెక్కలు కట్టి, పటం గీసి ఇస్తుంది. ఆర్క్‌జీఐఎస్, మ్యాప్‌ఇన్ఫో, గ్రాస్, క్యూజీఐఎస్ ఈ రంగంలో బాగా తెలిసిన పేర్లు. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్న మొదటి నుంచీ లైసెన్సుతో ముడిపడి ఉంది. వాడుకునే హక్కు యంత్రానికి చెందుతుందా, వాడే మనిషికా, లేక అందరికీనా? అరవై ఏళ్లలో ఈ మూడు రకాల జవాబులూ వచ్చాయి.

పెద్ద యంత్రాల కాలం

1960లలో కెనడా ప్రభుత్వం తన భూములు సేద్యానికి, అడవులకు, వన్యప్రాణులకు ఎంతవరకు పనికొస్తాయో మదింపు చేయ పూనుకుంది. వేల పటాలను చేత్తో పోల్చి చూడడం అయ్యే పని కాదని తేలడంతో, రోజర్ టామ్లిన్‌సన్ చొరవతో కెనడా జీఐఎస్ తయారైంది. ఆయనను జీఐఎస్ పితామహుడంటారు. ఆ వ్యవస్థ ఒక ప్రభుత్వం తన అవసరానికి కట్టించుకున్నది. బజారులో కొనుక్కునే సరుకు ఇంకా పుట్టలేదు.

అమెరికాలో హోవార్డ్ ఫిషర్ 1965లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రయోగశాల నెలకొల్పారు. అక్కడి సైమ్యాప్ ప్రోగ్రామ్ లైన్ ప్రింటర్ అక్షరాలనే ఒకదానిపై ఒకటి అచ్చువేసి ముదురు, లేత ఛాయలతో పటాలు తీసేది. అక్కడ చదువుకున్న జాక్ డేంజర్‌మండ్, భార్య లారాతో కలిసి 1969లో కాలిఫోర్నియాలోని రెడ్‌ల్యాండ్స్‌లో ఎస్రీ సంస్థను ప్రారంభించారు. మొదట్లో అది భూ వినియోగంపై సలహాలిచ్చే సంస్థ. హార్వర్డ్‌లో ఒడిస్సీ అనే వ్యవస్థపై పనిచేసిన స్కాట్ మోర్‌హౌస్ 1981లో ఎస్రీకి వచ్చారు. మరుసటి ఏడాది ఆర్క్/ఇన్ఫో విడుదలైంది. పేరులోనే రెండు భాగాలున్నాయి. ఆకారాలను చూసే ఆర్క్ ఎస్రీది, పట్టికలను చూసే ఇన్ఫో హెంకో అనే మరో సంస్థ డేటాబేస్. అంటే ఈ సరుకు పుట్టుకలోనే ఒకరి సాఫ్ట్‌వేర్ మరొకరి లైసెన్సు మీద ఆధారపడి ఉంది.

డాంగిల్ నుంచి పాస్‌వర్డ్ దాకా

1986లో పర్సనల్ కంప్యూటర్‌పై నడిచే ఆర్క్/ఇన్ఫో వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో మ్యాప్‌ఇన్ఫో సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి ఇద్రీసీ వెలువడింది. పన్నెండో శతాబ్దపు అరబ్ భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రీసీ పేరు దానికి పెట్టారు. 1990ల తొలినాళ్లలో ఎస్రీ నుంచి వచ్చిన ఆర్క్‌వ్యూ, కమాండ్లు కంఠస్థం చేయనక్కర లేకుండా మౌస్‌తో పటం తీసే వీలు కల్పించింది.

యంత్రాలు చవకయ్యే కొద్దీ ప్రోగ్రామ్‌ను కాపీ చేసుకోవడం తేలికైంది. దాన్ని ఆపడానికి ఖరీదైన ప్యాకేజీలకు డాంగిల్ జోడించేవారు. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు ఆ చిన్న ముక్క తగిలిస్తేనే ప్రోగ్రామ్ తెరుచుకునేది. తర్వాత ఫ్లోటింగ్ లైసెన్సులొచ్చాయి. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక సర్వర్ లైసెన్సులను పంచుతుంది. అయిదు ఉంటే అయిదుగురే ఒకేసారి వాడగలరు, ఆరో వ్యక్తి ఎవరైనా మూసేదాకా ఆగాలి. అందరూ రోజంతా వాడని ఆఫీసుల్లో ఇది డబ్బు ఆదా చేసింది.

2000 తర్వాత స్థిరపడిన ఆర్క్‌జీఐఎస్ డెస్క్‌టాప్ మూడు మెట్లుగా అమ్ముడయ్యేది: ఆర్క్‌వ్యూ, ఆర్క్‌ఎడిటర్, ఆర్క్‌ఇన్ఫో. 2012లో వీటికి బేసిక్, స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ అని పేర్లు మార్చారు. మూడింటి తెరా ఒకటే, లైసెన్సును బట్టి లోపలి పరికరాలు తెరుచుకునేవి. స్పేషియల్ అనలిస్ట్, నెట్‌వర్క్ అనలిస్ట్ వంటి ఎక్స్‌టెన్షన్లకు విడిగా చెల్లించాల్సి వచ్చేది. 2015లో వచ్చిన ఆర్క్‌జీఐఎస్ ప్రో, హక్కును యంత్రం నుంచి విడదీసి, ఆన్‌లైన్ ఖాతాతో లాగిన్ అయ్యే మనిషికి ముడిపెట్టే పద్ధతిని ముందుకు తెచ్చింది.

అందరిదైన దారి

ఇల్లినాయ్ రాష్ట్రంలో అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగానికి ఒక పరిశోధన కేంద్రం ఉంది. సైనిక శిక్షణ భూముల నిర్వహణ కోసం అది 1980లలో గ్రాస్ అనే జీఐఎస్ రాయించింది. ఫెడరల్ ప్రభుత్వం రాయించినది కాబట్టి అది ప్రజల సొత్తుగా, ఎవరైనా తీసుకునేలా బయటికొచ్చింది. 1990ల మధ్యలో సైన్యం తప్పుకుంది. బేలర్ విశ్వవిద్యాలయమూ, జర్మనీలో హనోవర్‌కు చెందిన మార్కుస్ నెటెలర్ బృందమూ దాన్ని నిలబెట్టాయి. 1999లో దానికి జీపీఎల్ లైసెన్సు ఇచ్చారు. మార్చిన ప్రోగ్రామ్‌ను ఇతరులకు పంచేవారు సోర్స్ కోడ్‌ను కూడా అవే షరతులపై ఇవ్వాలన్నది జీపీఎల్ నియమం. హక్కులు ఎవరికీ లేని స్థితి నుంచి, హక్కు అందరికీ మిగిలేలా కాపాడే స్థితికి గ్రాస్ చేరింది.

అలాస్కాలో ఉండే గ్యారీ షెర్మన్ 2002లో, లినక్స్‌లో పటాల పొరలు చూసుకోవడానికి సరైన ప్రోగ్రామ్ లేక తానే ఒకటి మొదలుపెట్టారు. ఆ జులైలో వచ్చిన తొలి క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌లోని పొరలను మాత్రమే చూపగలిగేది. 2009లో 1.0, 2013లో 2.0, 2018లో 3.0 వచ్చేసరికి అది పూర్తి స్థాయి పనిముట్టుగా ఎదిగింది. దీనిదీ జీపీఎల్ లైసెన్సే. ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. దాంతో గీసిన పటంపై ఆ ప్రోగ్రామ్ రాసినవారికి ఏ హక్కూ రాదు, అది గీసినవారిదే.

ఫైళ్ల తాళాలు

సాఫ్ట్‌వేర్ మార్చగలమా లేదా అన్నది చివరికి ఫైళ్ల రూపాన్ని బట్టి తేలుతుంది. ఎస్రీ తన షేప్‌ఫైల్ అనే ఫైలు ఫార్మాట్ నిర్మాణాన్ని 1998లో బహిరంగంగా ప్రచురించింది. అందుకే పోటీ సంస్థల ప్రోగ్రాములు కూడా దాన్ని చదవగలిగాయి. అదే ఏడాది ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన జీడాల్ లైబ్రరీ, డజన్లకొద్దీ ఫార్మాట్లను చదివే మార్గం ఇచ్చింది. దాని లైసెన్సు ఉదారమైనది కావడంతో వాణిజ్య సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని వాడుకుంటోంది.

షేప్‌ఫైల్‌కు పరిమితులున్నాయి. పట్టికలో నిలువు వరుస పేరు 10 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటాయి. ‘గ్రామం’ అన్న మాటకే 18 బైట్లు కావాలి. కాబట్టి ఆ పేరుతో వరుస పెడితే మధ్యలోనే తెగిపోతుంది. 2014లో ప్రమాణంగా వచ్చిన జియోప్యాకేజ్ ఫార్మాట్‌లో ఈ ఇబ్బంది లేదు. తెలుగులో ఊళ్ల పేర్లు, సర్వే వివరాలు భద్రపరిచేవారు ఫార్మాట్ ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సిన విషయం ఇది.

సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎక్కడ ముగుస్తుంది, డేటాపై హక్కు ఎక్కడ మొదలవుతుంది? ఈ వివాదం కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆరెంజ్ కౌంటీలోని దాదాపు 6,40,000 స్థలాల హద్దులను జీఐఎస్ రూపంలో ఇమ్మని సియెరా క్లబ్ అనే పర్యావరణ సంస్థ 2007లో అడిగింది. పీడీఎఫ్‌గా ఇస్తామని, జీఐఎస్ ఫైలు కావాలంటే లైసెన్సు రుసుము కట్టాలని కౌంటీ చెప్పింది. ఆ రుసుము లక్షల డాలర్లలో ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ప్రజా దస్త్రాల చట్టం ఇచ్చిన మినహాయింపు దానిలోని డేటాకు వర్తించదని, ఆ ఫైలు ప్రజా దస్త్రమేనని 2013లో కోర్టు తీర్పు చెప్పింది. ప్రజల డబ్బుతో కొలిచిన హద్దులు ప్రజలు వాడుకోగలిగే రూపంలో అందాలన్న వాదనకు ఇది గట్టి ఆధారం.

భారతదేశంలో

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలకు దేశంలో ప్రధాన నిలయం. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ పోర్టల్‌ను ఈ కేంద్రమే నడుపుతోంది. ఐఐటీ బొంబాయిలో గ్రామ్++ అనే దేశీయ జీఐఎస్ తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని స్పేషియల్ ఇన్ఫర్మేటిక్స్ ప్రయోగశాల ఓపెన్ సోర్స్ జీఐఎస్‌పై పనిచేస్తోంది. కేంద్ర ప్రభుత్వ శాఖలు సాఫ్ట్‌వేర్ సేకరణలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలని 2015 నాటి విధానం చెబుతోంది.

2021 ఫిబ్రవరి 15న విడుదలైన జియోస్పేషియల్ మార్గదర్శకాలు మరో షరతు తెచ్చాయి. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన కచ్చితత్వం గల డేటాను దేశంలోనే నిల్వచేసి, దేశంలోనే ప్రాసెస్ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో తీసే కొలతలు అంతకంటే ఎంతో సూక్ష్మమైనవి. ఇలాంటి డేటాతో పనిచేసేవారు క్లౌడ్ ఖాతాతో ముడిపడిన సాఫ్ట్‌వేర్ తీసుకునే ముందు, సర్వర్లు ఎక్కడున్నాయో కూడా చూసుకోవాలి.

నేటి ఎంపిక

ఇప్పుడు చాలా సంస్థలు రెండు దారులూ కలిపి నడుస్తున్నాయి. విద్యుత్, నీటి సరఫరా నెట్‌వర్కుల వంటి ప్రత్యేక పనులకు కొన్ని వాణిజ్య లైసెన్సులు ఉంచుకుని, పటాలు గీయడానికి, డేటా సరిచూడడానికి క్యూజీఐఎస్ వాడుతున్నాయి. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కూడా శిక్షణ, నిర్వహణ ఖర్చులుంటాయి. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో ఏటా కట్టే రుసుముతో పాటు తరం మారినప్పుడు పడే భారం ఉంటుంది. ఎస్రీ తన ఆర్క్‌జీఐఎస్ డెస్క్‌టాప్‌లోని పాత పటాల ప్రోగ్రామ్ ఆర్క్‌మ్యాప్‌కు మద్దతు 2026 మార్చి 1 వరకేనని ప్రకటించింది. ఆర్క్‌మ్యాప్‌లో గీసిన పటాలను ఆర్క్‌జీఐఎస్ ప్రో తెరుస్తుంది గానీ, పాత పైథాన్ 2 స్క్రిప్టులను పైథాన్ 3కు మార్చుకోవాలి, ఆర్క్‌ఆబ్జెక్ట్స్ అనే పాత ప్రోగ్రామింగ్ లైబ్రరీతో సొంతంగా కట్టుకున్న టూల్‌బార్లను తిరగరాయాలి.