నల్లమల దారి – శ్రీశైల యాత్రాధర్మం



శ్రీశైల యాత్ర అనగానే మనకు శిఖరదర్శనము, అభిషేకము స్ఫురిస్తాయి. ఆ శిఖరాన్ని చుట్టుకొని ఉన్న నల్లమల అడవి మాత్రం త్వరగా దాటవలసిన అడ్డంకిగా తోస్తుంది. మన పెద్దల దృష్టి అది కాదు.

బస్సులు లేని కాలంలో యాత్రికులు ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన కైలాసద్వారం చేరేవారు. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ సోపానాలు కట్టించినాడు. ఆ శతాబ్ది చివరలో విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించినది. మెట్టు నడిచేవానికి ఆధారం. అడవికి దానివలన చేటు లేదు.

ఆ అడవికి ఆప్తులు చెంచులు. స్వామి తమ ఆడపడుచును పెండ్లాడినాడని నమ్మి, ఆయనను ‘చెంచు మల్లయ్య’ అని పిలుచుకొంటారు. ఆలయ ప్రాకారపు రాళ్ళమీద శివలీలలతో పాటు ఏనుగులు, వేట దృశ్యాలు మలచబడి ఉన్నవి. స్వామి గోడమీద అడవికీ చోటున్నదన్నమాట.

ఈ అడవి 1978లో అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరినది. అందువలన ఈ దారిలో రాత్రి 9 నుండి ఉదయం 6 గంటల వరకు సాధారణంగా వాహనాలను ఆపుతారు.

ఒక మార్గశిర మాసంలో మేము దోర్నాల చేరేసరికి గేటు మూసివేసినారు. ప్రాతఃకాలపు అభిషేకం తప్పిపోతున్నదని కోపించినాము. అక్కడి కాపలా చెంచు యువకుడు వినయంగా, “సామీ, పగలు మీరు పోతారు, రాత్రి అవి పోతాయి. దారి ఇద్దరిదీ గదా!” అన్నాడు. మాకు మాట రాలేదు. అరణ్యాలకు, పశువులకు రుద్రుడే పతి అని రుద్రాధ్యాయంలో బాల్యం నుండి పఠిస్తున్నాము. ఆ పాఠానికి అర్థం ఆ రాత్రి గేటు వద్ద బోధపడినది. అభిషేకం తప్పినది; పాఠం దక్కినది.

కనుక యాత్రికులారా! దారిలో ప్లాస్టిక్ సంచులు పారవేయకండి. కోతులకు తినుబండారాలు విసరకండి. హారన్ మ్రోగించకండి. గేటు వద్ద ఆగవలసివస్తే విసుగుకొనక నామస్మరణ చేయండి. స్వామి నివాసాన్ని పాడుచేసి స్వామిని అర్చించడం పూజ కానేరదు.

భ్రమరాంబా మల్లికార్జునుల కటాక్షం అందరికీ, అడవిలోని ప్రాణికోటికీ కలుగుగాక! స్వస్తి.