ఇంటికా, వార్డుకా?

ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని ఏం చేయాలన్న విషయంలో 1980ల దాకా అమెరికా డాక్టర్లకు ఉన్నవి దాదాపు రెండే దారులు: అడ్మిట్ చేసుకోవడం, ఇంటికి పంపడం. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా గుండెపోటు కాదని చెప్పడానికి వీల్లేదు. దెబ్బతిన్న గుండె కండరం నుంచి రక్తంలో కలిసే పదార్థాలు ఆనాటి పరీక్షలకు చిక్కేంతగా పెరగడానికి గంటలు పట్టేది. అందుకని చాలామందిని అడ్మిట్ చేసేవారు. తీరా చూస్తే వారిలో ఎందరికో గుండెజబ్బే ఉండేది కాదు. మరోవైపు, నిజంగా గుండెపోటు వచ్చినవారే అప్పుడప్పుడు ఇల్లు చేరేవారు. ఈ రెండో తప్పు ఎంత మొండిదో 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. పది ఆసుపత్రులకు గుండెపోటుతో వచ్చిన 889 మందిలో 19 మందిని ఇంటికి పంపేశారు. రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ వాళ్లంతా ఆసుపత్రి గడప తొక్కాకే వెనుదిరిగినవాళ్లు.

మూడో దారి మెల్లగా పడింది. 1981లో బాల్టిమోర్‌లోని సెయింట్ ఆగ్నెస్ ఆసుపత్రిలో డాక్టర్ రేమండ్ బార్ ఛాతీనొప్పి కోసమే ఒక కేంద్రం తెరిచారు. నొప్పి మొదలవగానే జనం రావాలన్నది ఆయన తపన. అంత త్వరగా వస్తే పరీక్షల్లో ఇంకా ఏదీ తేలదు. కాబట్టి కొన్ని గంటలు కనిపెట్టి చూసే చోటు ఉండి తీరాలి. తర్వాతి ఏళ్లలో ఎమర్జెన్సీల పక్కన ఇలాంటి అబ్జర్వేషన్ గదులు పెరిగాయి. వాటికి గట్టి పరీక్ష పెట్టింది మేయో క్లినిక్. 1998లో వెలువడిన ఆ అధ్యయనంలో మధ్యస్థ ప్రమాదం ఉన్న 424 మందిని లాటరీ పద్ధతిలో రెండు సగాలు చేసి, ఒక సగాన్ని వార్డుకూ మరో సగాన్ని ఛాతీనొప్పి గదికీ పంపారు. గదిలో ఆరు గంటలు పరిశీలించి, అప్పటికీ ఏమీ తేలనివారికి గుండెపై ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష చేశారు. 212 మందిలో 97 మంది వార్డు చూడకుండానే ఇంటికి వెళ్లారు. తర్వాత గుండెకు జరిగిన కీడులో రెండు సగాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ పనిచేసింది అదనపు మంచం కాదని నా అభిప్రాయం. ఏం తేల్చాలో, ఎప్పటికి తేల్చాలో ముందే రాసిపెట్టుకోవడమే ఆ గదికి బలం.

దీనికి ఎదురుగా నిలిచే బలమైన ఆక్షేపణ డబ్బుది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ లెక్కల్లో అబ్జర్వేషన్‌లో ఉన్న మనిషి ఇన్‌పేషెంట్ కాడు. వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటే తప్ప తర్వాతి నర్సింగ్ కేంద్రం ఖర్చును మెడికేర్ మామూలుగా భరించదు. అలా ఆసుపత్రిలో అబ్జర్వేషన్ పేరుతో మూడు రాత్రులు గడిపిన వృద్ధులు కూడా ఆ ఖర్చు సొంతంగా కట్టుకోవలసి వచ్చింది. పిల్లల దగ్గర స్థిరపడి మెడికేర్‌లో చేరిన తెలుగు పెద్దలకూ ఈ నియమం వర్తిస్తుంది. ఇన్‌పేషెంట్ ఎవరో తేల్చడానికి 2013లో రెండు అర్ధరాత్రుల నిబంధన వచ్చింది: కనీసం రెండు అర్ధరాత్రులు ఉండాల్సి వస్తుందని డాక్టర్ భావిస్తే మామూలుగా ఇన్‌పేషెంటే. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే రోగికి ఆ సంగతి తెలియజేయాలని 2015లో చట్టం చేశారు. అన్యాయం నిజమే, కానీ అది బిల్లు రాసే పద్ధతిది. ఆరు గంటల్లో తేల్చాల్సిన గదిలో మూడు రాత్రుల ప్రసక్తే రాకూడదు. గడువు లేని చోటే అబ్జర్వేషన్ అనేది ఎవరూ నిర్ణయం తీసుకోని నిరీక్షణగా మారుతుంది.

దెబ్బతిన్న గుండె కండరం నుంచి రక్తంలో కలిసే ట్రోపోనిన్‌ను కొలిచే కొత్త పరీక్షలు గంట రెండు గంటల్లోనే గుండెపోటును చాలావరకు తేల్చేస్తున్నప్పుడు ఇక ఈ గదులెందుకని మరికొందరు అడుగుతారు. ఛాతీనొప్పికి అవసరం తగ్గిందన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయాసం, తలకు దెబ్బ, స్పృహ తప్పడం వంటివాటిని అలా ఒక్క రక్తపరీక్షతో తేల్చడం కష్టం. మన పల్లెల పాముకాటు సంగతి చూడండి. వచ్చినప్పుడు ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఉంచాలని భారత జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి గడ్డకట్టిందో లేదో చూడాలి; మళ్లీ మళ్లీ చూడాలి. కట్లపాము కాటుకు గాటు కూడా కనిపించకపోవచ్చు, రెప్పలు వాలడం గంటల తర్వాత మొదలుకావచ్చు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేని ఈ పనికి, వేళకు వచ్చి చూసే నర్సు మాత్రం కావాలి. ఏరియా ఆసుపత్రుల్లో మంచాలు పెంచేముందు ఆ నర్సు పోస్టు భర్తీ చేయాలి.