పాత ఫోటోల డ్రైవ్ ఎందుకు తెరుచుకోదు?

మామగారి షష్టిపూర్తి, పిల్లల అన్నప్రాసన, ఉగాదికి దేవుని కడపలో తీసుకున్న ఫోటోలు, అన్నీ మా ఇంటి నెట్‌వర్క్ డ్రైవ్‌లోనే ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు తెరుచుకుంటాయి, కొత్తదాంట్లో తెరుచుకోవు. పాస్‌వర్డ్ మార్చినా లాభం లేదు. అసలు కారణం 2017లో ఉంది.

ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని ఫోల్డర్ అడిగే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. ఆఫీసులో అందరూ తెలిసినవాళ్లే అనుకునే కాలం కదా, మొదటి వెర్షన్‌కు కాపలా తక్కువ. 2017 మే 12న వాన్నాక్రై ఆ సందులోంచే దూరి, ఫైళ్లకు తాళాలేసి డబ్బులడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు తల్లడిల్లాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోనివాళ్లే ఎక్కువ నష్టపోయారు.

ఆ అక్టోబరు నుంచి విండోస్ 10 మొదటి వెర్షన్‌ను వదిలించుకోవడం మొదలుపెట్టింది. హోమ్, ప్రో రకాల్లో కంప్యూటర్ నడిచిన కాలంలో 15 రోజులు దాని అవసరం పడకపోతే తనంతట తానే తీసేస్తుంది. పండగకు తప్ప పాత ఫోటోలు చూడని ఇళ్లకు ఆ 15 రోజులు ఎంతలో గడుస్తాయి!

దాన్ని మళ్లీ ఆన్ చేయమని చెప్పేవాళ్లున్నారు. నేనైతే చేయను. డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఎస్‌ఎంబీ 2 గానీ 3 గానీ ఉందేమో చూడాలి. లేకపోతే డ్రైవ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. అదీ దొరకనంత పాతదైతే, పాత ల్యాప్‌టాప్ పనిచేస్తుండగానే ఫోటోలన్నీ కొత్త హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోండి.